విరగని బోల్టు

నేను ఒక బోల్టుని. ఇప్పుడు నాతో వెల్లుల్లి దంచుతున్నారు.

సుంకమ్మ వంటింటి గడప పక్కన పీట వేసుకుని కూర్చుంది. ముందు చిన్న రాతి కల్వం. అందులో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు. నన్ను తలకిందులుగా పట్టుకుని దంచుతోంది. దెబ్బ పడ్డప్పుడల్లా ఒక రెబ్బ పొట్టు వదిలి పక్కకి జారుతుంది. ఆమె దాన్ని బొటనవేలితో మధ్యలోకి తోసి మళ్ళీ దంచుతుంది. కల్వంతో వచ్చిన రాతి రోకలి ఎప్పుడో చేయిజారి రెండు ముక్కలైందట. దాని ఉద్యోగం నాకొచ్చింది.

"ఎంత దంచినా సొట్ట పడదు మ్మే, ఏం ఇనుమో ఏమో!" అని పక్కింటామెకి నన్ను చూపించి మురిసిపోతుంది సుంకమ్మ. మంచి మనిషి. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకి తెలియదు.

నేను ఇనుము కాదు, ఉక్కుని. చూపుడువేలంత పొడుగు. నా తల మీద కూడిక గుర్తులాంటి చిన్న గాటు ఉంటుంది. విమానాల్లో వాడే బోల్టులకి తప్ప అలాంటి గుర్తు వేయరు. నా రెండో కొస దగ్గర, నట్టు తిరిగే మరల మధ్యలో, అడ్డంగా ఒక సన్నని రంధ్రం ఉంటుంది. నా కథంతా ఆ రంధ్రానిదే.

నేను పుట్టింది చాలా దూరంలో, సముద్రం అవతల ఒక కార్ఖానాలో. కాల్చారు, చల్లార్చారు, మర తిప్పారు, లేత బంగారు రంగు పూత పూశారు. నాతో పుట్టినవాళ్ళలో కొందరిని పట్టి లాగి, విరిగేదాకా లాగి, ఎంత బరువుకి విరిగారో రాసుకున్నారు. వాళ్ళు విరిగారు కాబట్టి నేను విరగనని నాకొక కాగితం ఇచ్చారు. మనుషులు పిల్ల పుట్టగానే జాతకం రాయిస్తారు గదా, అలాంటిదే. ఎక్కడికెళ్ళినా ఆ కాగితం నా వెంట వచ్చింది. మనుషుల జాతకాలు ఎంత నిజమవుతాయో నాకు తెలియదు. నాది మాత్రం అక్షరాలా నిజం. నేను విరగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఓడలో, రైల్లో, లారీలో ప్రయాణం చేసి గుండ్లకొండ చేరాను. ఊరి బయట నల్లరేగడి చేల మధ్య పాతకాలపు రన్‌వే ఒకటి ఉంది. దాని పక్కనే పెద్ద రేకుల షెడ్డు. అది విమానం నడపడం నేర్పే స్కూలు. ఆరు చిన్న విమానాలు ఉండేవి. ఇద్దరే పట్టే విమానాలు, ముందు ఒక చక్రం, వెనక రెండు. పొద్దున్నే శనగచేలో కూలికి వచ్చినవాళ్ళు నడుముకి చేతులు పెట్టుకుని వాటిని చూసి, మళ్ళీ వంగి పని చేసుకునేవాళ్ళు.

స్టోరు గదిలో ఏడాది పైగా పడున్నాక, ఒకరోజు ఓబులేసు నన్ను తీసుకోవడానికి వచ్చాడు.

ఓబులేసు ఆ స్కూల్లో ఇరవై రెండేళ్ళుగా మెకానిక్కు. మాట తక్కువ, చెయ్యి మెత్తన. కొత్త వస్తువుని తీసుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కునే మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను. నన్ను వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, నా రంధ్రంలోంచి చూశాడు. ఆ చూపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇన్నాళ్ళకి నా మనిషి దొరికాడు అనుకున్నాను.

నా చోటు ముందు చక్రం కాలు. ఆ కాలికి వెనకవైపు మోచెయ్యిలా ముడుచుకునే రెండు ముక్కల కడ్డీ ఉంటుంది. చక్రం అటూ ఇటూ తిరిగిపోకుండా నిటారుగా పట్టి ఉంచేది అదే. ఆ మోచేతి కీలులో దూర్చే బోల్టుని నేను. నా కొసకి ఒక నట్టు. మామూలు నట్టు కాదు, అంచు చుట్టూ కిరీటంలా గాట్లుంటాయి. నట్టు బిగించాక దాని గాట్లలోంచి, నా రంధ్రంలోంచి, జడపిన్నులాంటి ఒక సన్నని కాటర్ పిన్ను దూర్చి దాని కొసలు విడదీసి వంచేస్తారు. విమానం వణుకుతుంది. వణుకుకి ఏ నట్టయినా మెల్లగా వదులవుతుంది. పిన్ను ఉంటే వదలదు. అంతే లెక్క. పిన్ను గోటి వెడల్పంత కూడా ఉండదు, కానీ నన్ను నమ్ముకుని ఆకాశంలో తిరిగే మనిషి ప్రాణం దాని మీద ఉంటుంది.

ఓబులేసు నన్ను కీలులో దూర్చాడు. నట్టు పెట్టి తిప్పాడు. సరిగ్గా ఎంత బిగువు కావాలో అంత బిగించాడు. నా రంధ్రం, నట్టు గాటు ఒక వరసలోకి వచ్చాయి. ఇక పిన్ను దూర్చి వంచడమే. రెండు నిమిషాల పని.

ఆ రోజు మహర్నవమి, ఆయుధపూజ.

షెడ్డులో పొద్దున్నుంచీ హడావుడి. అరటిపిలకలు కట్టారు. బంతిపూల దండలు విమానాల ముక్కులకి వేశారు. రెక్కలకి, చక్రాల కాళ్ళకి ఎర్ర గుడ్డపీలికల్లో నిమ్మకాయలు చుట్టి కట్టారు. ఆకాశంలో ఎగిరేదానికి దిష్టి ఎవరు పెడతారో నాకు అర్థం కాలేదు. కాకులకి ఏమైనా కుళ్ళేమో.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పాతకాలపు మేస్త్రి పెట్టాడో గానీ, పూజరోజు అమ్మవారి ముందు అరకొర పని ఉండకూడదు. అందుకని జరుగుతున్న పనుల కార్డులన్నీ ఆ రోజు సంతకం పెట్టి మూసేస్తారు. మూసిన కార్డులకి పసుపు దారం కట్టి, పటం ముందు పళ్ళెంలో పెడతారు. స్పానర్లు, కటింగ్ ప్లేయర్లు, సుత్తులు, ఆఖరికి పిన్నుల పొట్లాలు కూడా బల్ల మీద పరిచి కుంకుమ బొట్లు పెడతారు. బొట్టు పెట్టిన పనిముట్టుని మళ్ళీ పూజ ఎత్తేదాకా తాకకూడదు.

ఓబులేసు పిన్ను కోసం చెయ్యి చాపేసరికి పిన్నుల పొట్లం బల్ల మీదకి ఎక్కేసింది. దాని మీద బొట్టు కూడా పడిపోయింది.

"ఓబులేసూ, కార్డు యాడ? పంతులు వచ్చి కూర్చున్నాడు," అన్నాడు ఇంజనీరు చక్రపాణి. అందరి పనీ చూసి ఆఖరి సంతకం పెట్టేది ఆయనే.

"పిన్ను ఒగటి ఉండాది సార్."

"పిన్నే గదా. ఎల్లుండి పెట్టుకుందువులే. కార్డు మూసి ఇయ్యి. ఇన్నేండ్లలో ఒక్క కార్డన్నా తెరిచి పెట్టినామా ఈ పొద్దు?"

"అది కాదు సార్, రెండు నిమిషాలు. ఆ ప్లేయరు ఇట్ల ఇస్తే..."

"బొట్టు పెట్టినంక ముట్టుకుంటావా? ఏడాదంతా మనకి మంచి జరగాల్నా వద్దా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. "ఓబులేసన్నకి అమ్మవారి కంటే బోల్టే ఎక్కువ!" అన్నాడు ఖాజా అనే ఇంకో మెకానిక్కు, దండలు కట్టుకుంటూ. ఓబులేసు కూడా నవ్వాడు. పని పూర్తయినట్టు కార్డు మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

కానీ అతను పనిమంతుడు గదా. నియమం మరిచిపోలేదు. పని మిగిలున్నచోట ఎర్ర గుడ్డపీలిక కట్టాలి. అది కనబడితే ఆ విమానాన్ని ఎవరూ కదిలించరు. జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి నా పక్కనే కాలికి ముడేశాడు. రెండు ముళ్ళు. అప్పటికే అదే కాలికి నిమ్మకాయల ఎర్ర గుడ్డలు మూడు వేలాడుతున్నాయి. అతనిది నాలుగోది.

విజయదశమికి సెలవు. ఓబులేసు తన పెళ్ళాం సుంకమ్మని తీసుకుని ఆమె పుట్టింటి ఊరికి పోయాడు. ఏకాదశి పొద్దున ఖాజా బకెట్టు, చీపురు తీసుకుని వచ్చాడు. వాడిన దండలన్నీ పీకాడు. నిమ్మకాయలు పీకాడు. ఎర్ర గుడ్డలన్నీ కత్తితో కోసి గంపలో వేశాడు. నా పక్కనున్న ముడి కొయ్యడానికి కాస్త కష్టపడ్డాడు. "ఎవడ్రా ఇంత గట్టిగా దిష్టి కట్టినోడు!" అని నవ్వుకున్నాడు. నాలుగో గుడ్డ కూడా గంపలో పడింది.

నేను అరిచాను. బోల్టు అరుపు ఎవరికి వినబడుతుంది?

కార్డు మీద ఓబులేసు సంతకం ఉంది. దాని కింద చక్రపాణి సంతకం పెట్టాడు. వంగి చూడలేదు. ఓబులేసు సంతకం పెట్టిన పనిని వంగి చూడటం అంటే అతన్ని అనుమానించినట్టే అని ఆ షెడ్డులో అందరూ అనుకునేవాళ్ళు. ఇంకో రోజు గడిచాక ఓబులేసు వచ్చాడు. ఎర్ర గుడ్డ లేదు, విమానం ఒక విడత తిరిగి కూడా వచ్చేసింది. ఖాజా పిన్ను పెట్టి ఉంటాడనుకున్నాడు. అడగలేదు. ఖాజా బల్ల మీది పొట్లాలన్నీ స్టోరులో సర్దేశాడు. నా పిన్ను కుంకుమ బొట్టుతో అక్కడే ఉండిపోయింది.

ఓబులేసు నా పక్కనించి రోజుకి పదిసార్లు నడిచాడు. ఒక్కసారి వంగి ఉంటే చాలు. కొత్త బోల్టుని వెలుతురుకి ఎత్తి చూసిన ఆ కన్ను, ఒక్కసారి మోకాలంత ఎత్తుకి దిగి ఉంటే చాలు. నేను ఎదురుచూశాను. అతని చెప్పులు వచ్చేవి, పోయేవి.

ఇప్పుడు పరిమళ సంగతి చెప్పాలి.

పరిమళ ఆదోని పిల్ల. వాళ్ళ నాన్న పత్తిమిల్లులో పని చేస్తాడు. ఈ విమానాల స్కూలు పెట్టిన పరీక్షలో జిల్లా అంతటికీ ఒక్కటే సీటు వస్తే, అది ఆ పిల్లకి వచ్చింది. ఇరవై ఏళ్ళు. ఎగరడానికి ముందు విమానం చుట్టూ తిరిగి ప్రతి భాగాన్నీ తాకి చూసుకోవాలని వాళ్ళకి నేర్పుతారు. మిగతా పిల్లలు తిరిగేవాళ్ళు. పరిమళ తాకేది. నన్ను చూసిన మొదటిరోజే నా గురించి అడిగింది.

"అన్నా, ఈ బోల్టు ఏంటికి?"

"అది మోచెయ్యి పాపా. అది లేకుంటే చక్రం తిక్క తిరుగుతాది. దాని తల మీద గుర్తు చూడు. ఆ గుర్తు ఉంటేనే మన బోల్టు," అని ఓబులేసు చెప్పాడు. వెనకవైపు నా కొస, నట్టు, ఖాళీ రంధ్రం చక్రం మీది తొడుగు చాటున ఉండేవి. నేల మీద పడుకుంటే తప్ప కనబడవు. ఆమె వేలు నా తల మీద గాటుని తాకింది. నా కొస దాకా రాలేదు. అక్కడిదాకా చూడాల్సిన బాధ్యత ఆమెది కాదు.

నట్టు మెల్లగా వదులవుతూ వచ్చింది. విమానం నేలని తాకినప్పుడల్లా పిసరంత. నేను పట్టుకోవడానికి చూశాను. కానీ బోల్టు తనని తాను పట్టుకోలేదు గదా.

పూజ అయ్యాక పదో రోజు పరిమళ ఒంటరిగా ఎగిరి వచ్చి, దిగి, చేతి గుడ్డతో మొహం తుడుచుకుంటూ ఓబులేసు దగ్గరికి వచ్చింది.

"అన్నా, దిగేటప్పుడు ముందు చక్రం వణుకుతాంది. కాలికింద గజగజమని తెలుస్తాంది."

ఓబులేసు ఇంకో విమానం రెక్క కింద ఉన్నాడు. అక్కడినించే అన్నాడు. "రన్‌వే గతుకులు పాపా. వానకి లేచిపోయింది తారు."

"చూస్తావా అన్నా ఒకసారి?"

"కొత్త బోల్టు నేనే వేసినాలే. ఏం కాదు. నువ్వు భయపడాక."

"నువ్వు వేసినావా? అట్లయితే ఏం లేదులే," అంది పరిమళ. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో ఎంత నిశ్చింత ఉందో! అదే నిశ్చింత నాకూ ఉండేది, మొదటిరోజు.

పన్నెండో రోజు పొద్దున నట్టు రాలిపోయింది. ఎక్కడో శనగచేను మీద, గాలిలో. ఇక నన్ను ఆపేది ఏదీ లేదు. పరిమళ రన్‌వే మీదకి వస్తోంది. నేను చెప్తున్నాను, ఆమె ఎంత మెత్తగా దించిందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వెనక చక్రాలు కోడిపిల్ల మీద చెయ్యి వేసినంత మెత్తగా ఆనాయి. తర్వాత ముక్కు వంచింది. ముందు చక్రం నేలని తాకింది, వణికింది, నేను జారిపోయాను. మోచెయ్యి విడిపోయింది. చక్రం అడ్డంగా తిరిగింది. కాలు మడతపడింది. ముక్కు నేలని కొట్టింది. ముక్కు మీద తిరుగుతున్న ఫ్యాను రెక్కలు రన్‌వేని గీరుకుంటూ వంకర్లు పోయాయి. విమానం గీతలు గీసుకుంటూ పోయి రన్‌వే అంచున గులకరాళ్ళ గరుగునేలలో ఆగింది.

నేను తారు మీద ఒంటరిగా పడి చూశాను. అందరికంటే ముందు పరుగెత్తింది ఓబులేసే. తలుపు ఊడబెరికి పరిమళని రెండు చేతుల్తో ఎత్తుకుని వచ్చాడు. ఆమె ఎడమ మణికట్టు విరిగి వేలాడుతోంది. "నాదే తప్పన్నా, నాదే తప్పు," అంటోంది. ఏడవడం లేదు. అదే మాట అంటోంది.

ఆమెని జీపులో ఎక్కించి పంపాక ఓబులేసు రన్‌వే మీద వెనక్కి నడిచాడు. నన్ను చూశాడు. వంగాడు.

అప్పుడు వంగాడు.

నన్ను తీసుకుని ఎప్పటిలాగే వెలుతురుకి ఎత్తాడు. మరలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేను ఎక్కడా విరగలేదు, వంగలేదు. నా రంధ్రంలో పిన్ను గీరిన గుర్తు ఒక్కటి కూడా లేదు. ఇరవై రెండేళ్ళ మెకానిక్కుకి ఇంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. సైరను మోగుతోంది, జనం వస్తున్నారు, చక్రపాణి వస్తున్నాడు. ఇదిగో ఇప్పుడు నన్ను ఎత్తి చూపిస్తాడు అనుకున్నాను.

చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

తర్వాతి మాటలన్నీ ఈ ఇంటి వసారాలో కూర్చుని ఓబులేసు, ఖాజా వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నవే. విచారణకి పెద్దాయన ఒకరు వచ్చాడు. కార్డు చూశాడు, రెండు సంతకాలూ ఉన్నాయి. బోల్టు కనబడలేదు. 'విద్యార్థిని విమానాన్ని బలంగా నేలకి కొట్టడం వల్ల బోల్టు విరిగి ఎక్కడో పడి ఉండాలి' అని రాశాడు. విరిగి! నా జాతకం మొత్తాన్ని ఆ ఒక్క మాటతో కొట్టేశారు. అదైనా ఓర్చుకుంటాను. బోల్టుకి పరువు ఏముంది, అనుకోవచ్చు. కానీ ఆ 'బలంగా కొట్టడం' అన్న మాట ఒక పిల్ల మెడలో వేశారు. వణుకు గురించి ఓబులేసుకి రెండు రోజుల ముందే చెప్పానన్న మాట ఆ పిల్ల విచారణలో బయటపెట్టలేదు. "అన్న మంచోడు. నేను సరిగ్గా దించలేక, మజ్జలో ఆయన పేరు ఏంటికి?" అన్నదట. ఆ మాట ఖాజా వచ్చి చెప్పాడు. ఓబులేసు విని, లేచి, దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు.

అతను చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నన్ను పారేయలేదు. పారేయడానికి ఒకసారి చెరువు దాకా తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చాడు. చూపించనూ లేదు. అటక మీద పాత మేకుల డబ్బాలో దాచాడు. భయం ఉన్నవాడు అబద్ధమే ఆడక్కర్లేదు, ఊరికే డబ్బా మూత పెట్టేస్తే సరిపోతుంది. రాతి రోకలి విరిగిన వారంలో సుంకమ్మ ఆ డబ్బా దించి వెతికింది. నేను దొరికాను. కడిగి, కల్వంలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఓబులేసు అన్నంలో కారం కలుపుకుంటూ వంటింట్లోకి చూశాడు. కల్వంలో నన్ను చూశాడు. ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"యాడిది అది?"

"మేకుల డబ్బాలో ఉండె. శానా బాగుంది దంచనీకి. ఏం, కావాల్నా నీకు?"

కావాలంటే ఎందుకో చెప్పాలి. "వద్దులే," అన్నాడు. ముద్ద మింగాడు. నా మీది పూత తిండికి తగలకూడనిది, విషంలాంటిది. అది అతనికి తెలుసు. అయినా రోజూ తింటున్నాడు, పెళ్ళాం చేత తినిపిస్తున్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేదానికి. నా లేత బంగారు రంగు ఇప్పటికి సగం కల్వంలో అరిగిపోయింది.

ఇదీ నా కథ. ఈ పొద్దు సుంకమ్మ ఎనిమిది రెబ్బలు ఎందుకు వేసిందంటే ఇంటికి ఎవరో వస్తున్నారు. మామూలుగా నాలుగే.

వెల్లుల్లి మెదిగింది. సుంకమ్మ కారప్పొడి వేసి ఇంకో రెండు దెబ్బలు వేసింది. ఉగ్గాని కోసం నానేసిన బొరుగులు పిండుతుంటే బయట గొంతు వినబడింది.

"వదినా!"

నాకు ఆ గొంతు తెలుసు.

"దా బిడ్డా, దా! ఎంత చిక్కిపోయినావే! చెయ్యి ఎట్లుండాది? యాదీ, చూపీ."

"బాగయింది వదినా. కొంచెం వంకర ఉంది. జడ వేసుకునేటప్పుడు తెలుస్తాది, అంతే."

పరిమళ ముందుగదిలో చాప మీద కూర్చుంది. ఓబులేసు ఎదురుగా కూర్చున్నాడు. వంటింటి గడప దగ్గర కల్వంలో పడి నేను ఇద్దరినీ చూస్తున్నాను. సుంకమ్మ ఇద్దరికీ ఉగ్గాని పెట్టింది. కాసేపు ఊళ్ళో ఎండల గురించి, పత్తిమిల్లు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత పరిమళ సంచీలోంచి మడిచిన కాగితం తీసింది.

"అన్నా, సోమవారం ఆఖరి విచారణ. తప్పు నాదేనని రాసిస్తే ఆరు నెలలు కిందనే పెట్టి మళ్ళీ ఎక్కిస్తారంట. ఇప్పటిదాకా ఎగిరిన గంటలు లెక్కకి రావంట, మొదట్నుంచీ నేర్చుకోవాలంట. రాసియ్యకుంటే పేరే కొట్టేస్తారంట. రాసుకొచ్చినా. కానీ..."

ఆగింది.

"కానీ ఏం పాపా?"

"రాసేటప్పుడు చెయ్యి రాలేదన్నా. ఆ పొద్దు నేను మెత్తగానే దించినానని ఉంది మనసులో. ఎంత తల్చుకున్నా మెత్తగానే ఉంది. అందరూ కొట్టినావంటాండారు. నాకేమన్నా మతి తప్పిందా అనిపిస్తాంది. నువ్వు చూసినావు గదా. నువ్వు చెప్పు. ఒప్పుకోమంటావా?"

పొయ్యి మీద నూనె చిటపటమంది. ఓబులేసు తట్టలోని ఉగ్గానిని వేలితో ఒక పక్కకి తోశాడు, మళ్ళీ ఇవతలికి తోశాడు. నేను కల్వంలోంచి అతని మొహమే చూస్తున్నాను. మెత్తగానే దించినావు పాపా. మూడే మాటలు.

"ఒప్పుకో పాపా," అన్నాడు ఓబులేసు. "అదే మేలు. పెద్దోళ్ళతో ఏంటికి."

పరిమళ తల ఊపింది. కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. "నువ్వు చెప్పినావంటే సరే," అంది.

"మ్మే పరిమళా, నా చేతులు పిండి. ఆ కల్వంలో కారం కొంచెం మీ అన్నకి వెయ్యి బిడ్డా," అని సుంకమ్మ బజ్జీల పిండి కలుపుతూ కేకేసింది.

పరిమళ లేచి వచ్చింది. వంగి, కల్వంలోంచి నన్ను తీసింది. కారం విదిలించబోయి ఆగింది. బొటనవేలు నా తల మీద, ఆ గాటు మీద పడింది.

కదలలేదు. తర్వాత కుళాయి కింద నన్ను పట్టింది. వెల్లుల్లి, కారం, ఉప్పు కొట్టుకుపోయాయి. చున్నీ కొసతో తుడిచింది. మరల మీద గోరు పెట్టి మొదటినించి చివరిదాకా మెల్లగా తిప్పింది. ఎక్కడా గోరు తట్టుకోలేదు. కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, నా రంధ్రంలోంచి చూసింది. అచ్చం అతనిలాగే. అతనే నేర్పాడు.

"ఇది ఎప్పట్నుంచి ఉంది వదినా ఈడ?"

"అదా? దసరా అయినంక ఎప్పుడో. మీ అన్న తెచ్చి మేకుల్లో వేసినాడు. శానా గట్టిది, యాడా సొట్ట పడలేదు చూడు!"

"అవును వదినా," అంది పరిమళ. "యాడా పడలేదు."

ముందుగదిలోకి వచ్చింది. ఓబులేసు తల ఎత్తలేదు. కానీ అతని చెయ్యి తట్టలో ఆగిపోయి ఉంది. ఆమె అతని ఎదురుగా కూర్చుంది. వంకరపోయిన ఎడమచెయ్యి వెనక్కి చాపి, జడలోంచి ఒక సన్నని నల్ల పిన్ను తీసింది. దాన్ని నా రంధ్రంలో దూర్చింది. రెండు కొసలూ విడదీసి, అటొకటి ఇటొకటి వంచింది. పని తెలిసినవాళ్ళు వంచినట్టే.

నాకు మొదటి పిన్ను.

అరచేతిలో నన్ను పెట్టి, ఆ చెయ్యి అతని ముందు చాపి ఉంచింది. అడిగినట్టు లేదు, ఇచ్చినట్టూ లేదు. ఊరికే చాపి ఉంచింది. నూనెలో రెండు బజ్జీలు వేగేంతసేపు. ఓబులేసు కళ్ళు తట్టలోని ఉగ్గాని మీదే ఉన్నాయి.

"ఏందది? ఏందయ్యా, ఏమైంది?" అంటూ సుంకమ్మ పిండి చేతులతో గడపలో నిలబడింది. "కూచో బిడ్డా, బజ్జీలు అయిపోవచ్చినాయి."

పరిమళ వేళ్ళు నా చుట్టూ మూసుకున్నాయి. లేచింది. నాలుగు మడతల ఆ కాగితాన్ని ఓబులేసు తట్ట పక్కన, చాప మీద పెట్టింది. సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, నన్ను పిడికిట్లోనే పట్టుకుని, ఇంట్లోంచి బయటికి నడిచింది.